‘నిపుణుల్ని సంప్రదించండి’ సరే, సంప్రదించాక ఏం జరుగుతుందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్లో మానసిక ఆరోగ్యం మీద ఏ ఐటమ్ వచ్చినా చివర్లో ఒకటే లైను ఉంటుంది, నిపుణుల్ని సంప్రదించండి అని. సరే సంప్రదిస్తాం, ఆ తర్వాత? లోపలికి వెళ్లాక ఏం అడుగుతారు, ఏడుపొస్తే ఎలా, ఎన్ని వారాలు తిరగాలి, చెప్పింది బయటికి పోతుందా, ఇవి ఎవరూ రాయరు. ఏమీ తెలియకుండా వెళ్లినవాళ్లు ఒకట్రెండు సార్లు వెళ్లొచ్చి మానేస్తారు. ముఖ్యంగా చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లు, లైంగిక వేధింపులు పడ్డవాళ్లు, కళ్లముందే మనుషులు పోవడం చూసినవాళ్లు. మన సిటీలోనే 2007లో లుంబినీ పార్క్, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్లు, ఆ సాయంత్రాలు అక్కడున్నవాళ్లు ఎంతమంది ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోకుండా మోస్తున్నారో.

నేను తాగొచ్చి కొట్టే నాన్న ఉన్న ఇంట్లో పెరిగాను. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా రాత్రిపూట గేటు చప్పుడైతే చేతులు చల్లబడిపోయేవి, అందుకే థెరపీకి వెళ్లాను, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మొదటి రోజే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించేస్తారని చాలామందికి భయం. అలా చెయ్యరు. నిద్ర ఎలా పడుతోంది, తిండి సరిగ్గా తింటున్నారా, ఏం మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇప్పుడు కూడా ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఇవీ అడిగేవి. చివరి ప్రశ్నకి కంగారు పడకండి, అది అందర్నీ అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్తేనే మంచిది. జరిగిన విషయం గురించి ఒక్క ముక్క చెప్పినా చాలు, ఇవాళ చెప్పలేను అన్నా ఏమీ అనరు. మా థెరపిస్టు మేడమ్ అయితే ముందే చెప్పారు, ఎప్పుడు చెయ్యెత్తితే అప్పుడు ఆపేద్దాం అని. ఒకసారి చెప్తూ చెప్తూ నాకు ఊపిరాడలేదు, అప్పుడు చెప్పులు విప్పి పాదాలు నేలకి గట్టిగా ఆనించమన్నారు, గదిలో నీలం రంగువి ఏమేం ఉన్నాయో చెప్పమన్నారు, కర్టెను, పెన్ను మూత, ఆవిడ చున్నీ అంచు, అలా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయేసరికి ఊపిరి కుదుటపడింది. ఇంతేనా థెరపీ అంటే అని అనిపించొచ్చు, కానీ ముందు మనిషి నిలదొక్కుకోవడం నేర్చుకోవాలి, పాత గాయం జోలికి ఆ తర్వాతే వెళ్తారు.

ఇక అందరికీ కచ్చితంగా చెప్పాల్సింది ఇది. తగ్గేముందు కొన్ని వారాలు ఎక్కువైనట్టు అనిపించొచ్చు. పాత కలలు మళ్లీ వస్తాయి, పిల్లల మీద ఊరికే చిరాకు, సెషన్ అయిన రోజు ఒళ్లంతా పీల్చేసినట్టు ఉంటుంది. అయ్యో దీనివల్ల ఇంకా పాడైపోతున్నా అనుకుని ఇక్కడే చాలామంది ఆపేస్తారు, ఆపకుండా అదే మాట థెరపిస్టుకి చెప్పాలి, వాళ్లు స్పీడు తగ్గిస్తారు. వీలైతే ఆ రోజు సెషన్ తర్వాత వేరే పని పెట్టుకోకండి. రెండు మూడు సార్లు కలిసినా ఆ మనిషితో కుదరట్లేదు అనిపిస్తే ఇంకొకర్ని చూసుకోవచ్చు, అందులో తప్పేం లేదు, మొహమాటపడాల్సిన పనీ లేదు.

ఎన్నాళ్లు అంటే ఒక లెక్క చెప్పలేం. ట్రామా, అంటే ఇలాంటి పాత గాయాల కోసమే ఉన్న సీబీటీ (ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పేది), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాన్ని తలచుకునేది) పద్ధతుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013లోనే సిఫార్సు చేసింది, కొన్ని పద్ధతులు మామూలుగా 12 సెషన్లలో అయిపోతాయి, ఏళ్ల తరబడి ఇంట్లోనే నలిగినవాళ్లకి ఇంకా ఎక్కువ పడుతుంది.

మా అమ్మ నాకు తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చునేది, నేను రాగానే “లోపల ఏం చెప్పినవ్ బిడ్డా, ఇంటి సంగతులన్నీ చెప్పినవా” అని మెల్లగా అడిగేది. ఆమె భయం నాకు అర్థమైంది, దెబ్బలు తిన్నది ఆమె కూడా. అందుకే ఈ విషయం పెద్దక్షరాల్లో రాయాలి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 23 ప్రకారం మనం చెప్పింది గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, ఆ మాట ముందే చెప్పే థెరపిస్టు మంచి థెరపిస్టు.

చట్టం ఉంది కానీ గదులెక్కడున్నాయి? నేను మొదట వెళ్లిన ఒక హాస్పిటల్లో తలుపు తీసే ఉంది, తర్వాతి పేషెంటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఆయన వింటుండగా నన్ను మీ సమస్యేంటమ్మా అన్నారు. నిద్ర పట్టట్లేదని చెప్పి వచ్చేశాను. అదే చట్టం సెక్షన్ 21 మానసిక అనారోగ్యానికి కూడా శరీర జబ్బుల్లాగే ఇన్సూరెన్స్ ఇవ్వాలంటుంది, కానీ పాలసీలు ఎక్కువగా అడ్మిట్ అయితేనే పనికొస్తాయి, వారం వారం కూర్చుని మాట్లాడేదానికి జేబులోంచే కట్టాలి. పైగా కౌన్సిలర్ అని ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టేస్తున్నారు, క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఈ నిపుణుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలని, అది అడిగి చూసే హక్కు మనకుందని ఎంతమందికి తెలుసు?

నేను కోరేది పెద్ద ఖర్చయ్యేది కాదు. ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్ నుంచి జిల్లా ఆసుపత్రుల దాకా ఓపీ చీటీతో పాటు ఒక పేజీ తెలుగులో, ఉర్దూలో ఇవ్వండి, మొదటిరోజు ఏం అడుగుతారు, ఏం చెప్పక్కర్లేదు, ఎప్పుడు ఎక్కువైనట్టు ఉంటుంది అని. మాట్లాడే గదికి తలుపు వేయండి. మీరు కూడా ఆ చివరి లైను కింద 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు వేయండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వీలైతే నెలకొక ఆదివారం ఒక థెరపిస్టుతో ఈ ప్రశ్నలకి జవాబులు రాయించండి, ప్రశ్నలు పంపడానికి నాలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఉప్పల్, హైదరాబాద్