బరంపురానికి పాత కాగితాల మరమ్మతు శిబిరం కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా తాతగారి పేరిట ఉన్న 1929 నాటి క్రయ దస్తావేజు చిరిగిపోతోందని భయపడి, పదిహేనేళ్ల కిందట లామినేషన్ చేయించాను. ఇప్పుడది మడతల దగ్గర కాఫీ రంగుకు తిరిగింది. ప్లాస్టిక్ విప్పబోతే కాగితమే పొరలుగా ఊడి వస్తోంది. షాపు అతన్ని అనలేను. అలా చేయించకూడదని మాకు చెప్పినవాళ్లే లేరు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. అందుకే బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్ల పెట్టెల్లో ఆనాటి దస్తావేజులు, పద్దులు, ఉత్తరాలు తెలుగులో ఉన్నాయి. మావాళ్లు ఇక్కడ ఎలా బతికారో చెప్పేవి అవే.

చెక్కగుజ్జుతో, పటిక కలిపి చేసిన కాగితంలో ఆమ్లం పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అదే కాగితాన్ని పెళుసు చేస్తుంది. లామినేషన్ ఆ ఆమ్లాన్ని లోపలే బంధిస్తుంది, మిషన్ వేడి మరింత చెరుపు చేస్తుంది. సెల్లోటేపు జిగురైతే పసుపు మరకై ఇంకిపోతుంది. పని తెలిసినవాళ్లు ముందు సిరా తడికి చెదురుతుందేమో పరీక్షిస్తారు, ఆ తర్వాతే ఆమ్లం తగ్గిస్తారు. చిరుగుల మీద పల్చటి జపాన్ టిష్యూ కాగితాన్ని గోధుమ గంజితో అతికిస్తారు. రేపు అవసరమైతే ఆ అతుకును కాస్త తడితో విప్పుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఫొటోల సంగతి ఇంకా బాధ. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర పైలిన్ తుపాను తీరం దాటాక, తడిసి అంటుకుపోయిన పెళ్లి ఫొటోలను మా వీధిలో లాగి విడదీశారు. ముఖాలే లేచిపోయాయి. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి మెల్లగా విడదీసి, నీడలో ఆరబెట్టి ఉంటే కొన్నయినా దక్కేవి.

భువనేశ్వర్‌లో వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ పరిరక్షణ కేంద్రం ఉంది, రాష్ట్ర మ్యూజియం ఉంది. కానీ చేత్తో ముట్టుకుంటేనే రాలే కాగితాన్ని బస్సులో అంతదూరం ఎవరు మోసుకెళ్తారు? ఏటా వానలకు ముందు ఆ నిపుణులే బరంపురానికి, పర్లాకిమిడికి వచ్చి రెండు రోజులు శిబిరం పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఏది బాగవుతుందో, ఎంత ఖర్చవుతుందో చెప్పినా చాలు. గది ఇవ్వడానికి తెలుగు సంఘాలు ముందుకు రావాలి.

అప్పటిదాకా దయచేసి ఎవరూ పాత కాగితాన్ని లామినేషన్‌కు ఇవ్వకండి. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ గోడకు తగలకుండా, నేలకు ఎత్తులో పెట్టండి.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బరంపురం, గంజాం జిల్లా