రంజాన్‌కు ముందు భోజనం: వండినవాళ్ళకీ, వడ్డించినవాళ్ళకీ థాంక్స్

అందరికీ నమస్కారం. రంజాన్ మొదలయ్యేలోపు మా భాషా తరగతికి వచ్చే వలస విద్యార్థులతో కలిసి ఒక పూట భోంచేద్దామా అని అడగ్గానే ముందుకొచ్చిన మీకందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. (పేర్లు రాయొద్దని మీలో చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.)

ముందుగా, రోజు ఖాయం చేయడంలో సాయపడిన పెద్దాయనకి. రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల 29వ రోజు సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాటి నుంచే రంజాన్, లేకపోతే ఇంకో రోజు ఆగాలి. కనిపిస్తే ఆ రాత్రే తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక) నమాజు, తెల్లవారకముందే సహరీ, అంటే ఉపవాసానికి ముందు తినే భోజనం. మేం సరిగ్గా ఆ సాయంత్రమే అనుకుంటుంటే, "వద్దమ్మా, మీరు వడ్డిస్తుంటే పిల్లలు చంద్రుణ్ణి వెతుక్కుంటూ బయటికి పోతారు" అని నవ్వి, రెండు రోజుల ముందే పెట్టించారు.

మధ్యాహ్నం అనుకున్న భోజనాన్ని సాయంత్రానికి మార్పించింది మా విద్యార్థినే. తన స్నేహితురాలు కిందటేడు తప్పిపోయిన రోజాలను (ఉపవాసాలను) ఈ రంజాన్ వచ్చేలోపే పూర్తి చేసుకుంటోందట. ఆ అమ్మాయి తనంతట తాను చెప్పే రకం కాదు, వచ్చి ఖాళీ ప్లేటు ముందు కూర్చునేది. సూర్యాస్తమయం అయ్యాక ఆమె ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అప్పుడే గిన్నెల మూతలు తీశాం. ఆగమని ఎవరూ చెప్పలేదు, అందరూ ఆగారు.

వంట చేసినవాళ్ళలో నాకు బాగా నచ్చిన సంగతి, అడిగి వండడం. మాంసం హలాల్ అయితే చాలనుకుంటాం. స్వీట్లలో జెలటిన్ ఏ జంతువుదో, వెనిలా ఎసెన్స్‌లో ఆల్కహాల్ ఉందో లేదో ఎవరు చూస్తారు? ఒక అక్క చూసింది. డబ్బా వెనక సన్నక్షరాలు కనపడకపోతే ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసి చదివి, అనుమానం వచ్చినవన్నీ పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంకో ఉపవాసం కూడా మా మధ్యే ఉంది. ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చికి చెందిన ఇద్దరికి ఈస్టర్ ముందు వచ్చే 55 రోజుల ఉపవాసం అప్పటికే మొదలైంది. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. నెయ్యి చుక్క కూడా వేయకుండా పప్పు వండి తెచ్చిన దంపతులకు అందుకే రెండు దండాలు ఎక్కువ. అన్నిటికంటే ముందు ఆ గిన్నే ఖాళీ అయింది. నాకైతే దక్కనే లేదు!

గిన్నెలు మేం కడుగుతామని విద్యార్థులు, అతిథులు కడగడమేంటని మనవాళ్ళు, సింకు దగ్గర కాసేపు పెద్ద రగడే అయింది. గెలిచింది వాళ్ళే.

అన్నిటికంటే పెద్ద సాయానికి మాత్రం తిండితో సంబంధం లేదు. రోజా విడిచే ఇఫ్తార్ వేళ సరిగ్గా మా తరగతి మధ్యలో పడుతుంది. ఆ టెన్షన్ నాకు నెల ముందు నుంచీ ఉంది. తోటి టీచర్ ఒకరు తన ఉదయం గంట నాకిచ్చి, నా సాయంత్రం గంట తాను తీసుకున్నారు. ఒక్క రోజుకి కాదు, 29 రోజులో 30 రోజులో, నెలంతా. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ మళ్ళీ చూసుకోవాలి. సార్, అప్పుడూ మిమ్మల్నే అడుగుతా.

రోజాలో ఉన్నవాళ్ళ ముందు మనం నీళ్ళు తాగొచ్చా అని కొందరు నన్ను అడిగారు. నేను వాళ్ళనే అడిగాను. "తాగండి టీచర్, రోజా మాది కదా" అన్నారు.

ఒక స్టీలు డబ్బా, పెద్ద గరిటె, మూత లేని గిన్నె నా దగ్గర ఉండిపోయాయి. ఎవరివో చెబితే తరగతికి తెస్తాను. ఆ గిన్నె పప్పు తెచ్చినవాళ్ళదే అయితే మాత్రం, ఎలా వండారో చెప్పాకే ఇస్తాను.