తొమ్మిదో తరగతి వాళ్ళ కందిరీగ

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖలో ఫీజుల గురించి, యూనిట్ టెస్టుల గురించి ఏమీ రాయడం లేదు. ఆ వివరాలు నోటీసు బోర్డులో పెట్టాం, పిల్లల డైరీల్లోనూ రాయించాం. ఐదు వారాలుగా మన సైన్స్ ల్యాబ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు బిగిస్తున్న ఒక చిన్న కారు గురించి ఈసారి రాస్తాను. దాని మాట మీలో చాలామంది ఇళ్ళల్లో ఈపాటికే వచ్చి ఉంటుంది. మొన్న గేటు దగ్గర ఒక తండ్రి నన్ను ఆపి, "మేడమ్, పరీక్షలు దగ్గరికొస్తున్నయి, ఈ బొమ్మ కారేంది?" అని అడిగారు. అడగాల్సిన మాటే. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన బడిలో చదువుకున్న ఒక పూర్వ విద్యార్థి వేసవి సెలవుల్లో వచ్చి ఒక పెట్టె ఇచ్చి వెళ్ళాడు. పైన కారు బొమ్మ ఉంది కానీ లోపల కారు లేదు. చట్రాలకు అంటుకొని ఉన్న ప్లాస్టిక్ భాగాలు, పొట్లాలు పొట్లాలుగా స్క్రూలు, ఒక మోటారు, నాలుగు రబ్బరు టైర్లు, గాజులా కనిపించే ఒక పైతొడుగు, ఒక మాన్యువల్ ఉన్నాయి. నడిపే రిమోట్ రేడియో, స్టీరింగ్ తిప్పే సర్వో, బ్యాటరీ విడిగా తెచ్చాడు. ఇది మట్టిలో నడిచే బగ్గీ. అసలు బండికి పదో వంతు కొలతలో ఉంటుంది.

దీన్ని చేసింది జపాన్‌లోని షిజువోకాకు చెందిన టామియా కంపెనీ. 1946లో కలప కోత మిల్లుగా మొదలై, చెక్క బొమ్మల మీదుగా ప్లాస్టిక్ కిట్లకు వచ్చింది. రేడియోతో నడిచే మొదటి కారును 1976లో, మట్టిలో నడిచే బగ్గీలను 1979లో తెచ్చింది. మన పెట్టెలోని నమూనా పేరు హార్నెట్, 1984 నాటిది. చాలా ఏళ్ళు ఆగిపోయి, పాత అభిమానులు అడగ్గా అడగ్గా 2004లో కొద్ది మార్పులతో మళ్ళీ వచ్చింది. హార్నెట్ అంటే ఏమిటని డిక్షనరీ చూసిన రోజు నుంచి మన పిల్లలకు అది కందిరీగే.

నాకు ఇంత పాత నమూనా నచ్చడానికి ఒక కారణం ఉంది. దీంట్లో దాచిపెట్టిందేమీ లేదు. అడుగు భాగం తొట్టిలా ఉంటుంది, బ్యాటరీ అందులో కూర్చుంటుంది. వెనక గేర్‌బాక్స్, దాని పక్కన మోటారు, ముందు స్టీరింగ్. ఏ కడ్డీ దేన్ని లాగుతుందో వేలు పెట్టి చూపించవచ్చు. బజారులో దొరికే రిమోట్ కారు ఆగిపోతే పారేస్తాం. ఇది ఆగిపోతే ఎక్కడ ఆగిందో వెతకవచ్చు.

మొదటి వారమంతా స్క్రూలతోనే సరిపోయింది. జపాన్ కిట్లలో స్క్రూ తల మీది ప్లస్ గుర్తు మన మామూలు స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా అమరదు. ఆ దేశపు కొలత వేరు. గట్టిగా తిప్పితే డ్రైవర్ జారిపోతుంది, తల అరిగిపోతుంది. రెండు స్క్రూలు అలా పాడయ్యాక సరైన డ్రైవర్ తెప్పించాం. ఇంకో సంగతి పిల్లలు చేతులతోనే నేర్చుకున్నారు. ఈ స్క్రూలు ప్లాస్టిక్‌లో తమ దారి తామే కోసుకుంటూ వెళ్తాయి. ఒకసారి విప్పి మళ్ళీ బిగించేటప్పుడు నేరుగా తిప్పితే కొత్త దారి కోసుకుంటాయి, అలా రెండు మూడుసార్లు జరిగితే రంధ్రం వదులైపోతుంది. అందుకని ముందు వెనక్కి తిప్పాలి. వేలికి చిన్నగా 'టిక్'మని తగులుతుంది. పాత దారిలో పడిందని గుర్తు. అప్పుడు ముందుకు తిప్పాలి. ఇప్పుడు ఆ తరగతిలో ఎవరిని అడిగినా కళ్ళు మూసుకుని ఆ 'టిక్' పట్టుకుంటారు.

మూడో వారంలో జరిగిన సంగతి కోసమే అసలు ఈ లేఖ రాస్తున్నాను.

ముందు చక్రాలను తిప్పే చిన్న యంత్రాన్ని సర్వో అంటారు. రేడియో ఆన్ చేసి, సర్వో సరిగ్గా మధ్యకు వచ్చి నిలబడ్డాకే దాని ఇరుసుకు కడ్డీలు లాగే చెయ్యి బిగించాలి. మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపించారు. మన వాళ్ళు తొందరలో ఆ బొమ్మ దాటేసి బిగించేశారు. దాని మీద ఇంకా ఎన్నో భాగాలు వచ్చి కూర్చున్నాయి. అంతా అయ్యాక బ్యాటరీ పెట్టి స్విచ్ వేస్తే మొదట బండి వెనక్కి పోయింది. అది చిన్న విషయమే. మోటారు వైర్లు రెండూ అటుదిటు మార్చితే సరిపోయింది. ఆ తర్వాత స్టీరింగ్ తిప్పారు. ఎడమకు పూర్తిగా తిరిగింది. కుడికి తిప్పితే కొద్దిగా కదిలి ఆగిపోయింది.

ల్యాబ్ అంతా నిశ్శబ్దం. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఒకబ్బాయి రిమోట్ మీద ఉన్న సవరించే మీట తిప్పి చూశాడు. కొంచెం మారింది కానీ సరిపోలేదు. ఇంకొకరు కడ్డీ పొడవు తగ్గిద్దామన్నారు. "ఎడమకే తిప్పుకుంటూ నడుపుదాం, గుండ్రంగా తిరిగి వస్తుంది" అని మరొకరన్నారు. అందరూ నవ్వారు కానీ ఎవరికీ నవ్వు నిలబడలేదు. చివరికి ఒకమ్మాయి మాన్యువల్‌ను వెనక్కి తిప్పుతూ తిప్పుతూ పోయి, ఆ దాటేసిన బొమ్మ దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడి దాకా విప్పాలి" అంది.

విప్పారు. పీరియడున్నర పట్టింది. అప్పుడు నేను లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పాను, అది మా నాన్న మాట. నాన్న కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేశారు. ఆదివారాలు ఇంట్లో సైకిలో, నీళ్ళ మోటారో విప్పుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "విప్పిన నట్టు విప్పిన వరసల్నే పళ్ళెంల పెట్టు బిడ్డా. రేపు అదే నీకు తొవ్వ జూపిస్తది" అనేవారు. నా ఏడో తరగతిలో ఒకసారి నేను అన్నీ కలిపి గిన్నెలో వేశాను. సైకిల్ వెనక చక్రం సాయంత్రం దాకా ఎక్కలేదు. నాన్న తిట్టలేదు, నాతోనే మొత్తం మళ్ళీ పేర్పించారు. మన పిల్లలు టిఫిన్ డబ్బా మూతలు వెల్లకిలా పెట్టి, ఒక్కో మూతలో ఒక్కో అడుగు స్క్రూలు పోసి, చాక్‌పీస్‌తో నంబర్లు రాశారు. బల్ల మీద తొమ్మిది మూతలు వరసగా ఉన్నాయి. తిరిగి బిగించేటప్పుడు తొమ్మిది నుంచి ఒకటి దాకా వెనక్కి వచ్చారు. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు, తక్కువా పడలేదు.

పరీక్ష పేపర్లో కొట్టివేత ఉంటే ఇంట్లో ఏమంటారోనని ఆ పేజీ చూపించకుండా దాచుకునే పిల్లలు మన బడిలో ఉన్నారు, నాకు తెలుసు. వాళ్ళలో ఇద్దరు ఆ రోజు ఆ బల్ల దగ్గర ఉన్నారు. తాము చేసిన పనిని పదిమంది ముందు, ఏడుపు లేకుండా, టెన్షన్ లేకుండా తామే విప్పారు. గేటు దగ్గర నన్ను అడిగిన ఆ తండ్రికి నేను చెప్పాలనుకున్నది ఇదే.

లెక్కలు, భౌతికశాస్త్రం కూడా ఇందులో బాగానే ఉన్నాయి. బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 7.2. పదో తరగతిలో విద్యుత్ మోటారు పాఠం వచ్చేసరికి వీళ్ళు మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లను కళ్ళతో చూసినవాళ్ళై ఉంటారు. వెనక కుదుపులు తగ్గించే రెండు డాంపర్లలో నూనె నింపేటప్పుడు లోపలి కడ్డీని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే గాలి బుడగలు పైకి వస్తాయి. అవన్నీ పోయేదాకా ఆగి మూత పెట్టాలి. తొందరపడితే డాంపర్ లోపల గాలి మిగిలి, గుంతలో పడ్డప్పుడు బండి ఎగురుతుంది. ఆ బుడగల కోసం ఒక్కొక్కరు పది నిమిషాలు కదలకుండా కూర్చున్నారంటే ఇంట్లో మీరు నమ్మకపోవచ్చు.

రంగుల దగ్గర మాత్రం విప్పడం కుదరదు. పైతొడుగు పాలికార్బనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్‌తో చేసింది. రంగు బయట వేయరు, లోపలి నుంచి వేస్తారు. బయట బండి ఎంత గీరుకుపోయినా రంగు చెక్కుచెదరదు. మామూలు స్ప్రే వాడితే వంగినప్పుడు పెచ్చులూడుతుంది, దానికని ఉన్న రంగే వాడాలి. వరస కూడా తలకిందులు. మన చేర్యాల పటాల్లో ముందు ఎర్ర నేల వేసి, చివరికి నల్ల గీతతో రూపం తేలుస్తారు. ఇక్కడ నల్ల గీత మొదట, నేల రంగు చివర. ముదురు రంగు ముందు వేస్తే, దాని వెనక లేత రంగు పడినా బయటికి కనిపించదు.

పెట్టె మీద ఉన్నట్టే వేద్దామని కొందరన్నారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి నుంచి వచ్చే ఒకమ్మాయి మర్నాడు ఇంటి నుంచి చిన్న ముక్క తెచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలు. స్కేలుతో ఒక్కో పట్టీ కొలిచి, ఎంత తగ్గించాలో లెక్క వేసి, టేపు సన్నగా కోసి అతికించారు. ఎడమ పక్క ఒక చోట టేపు సరిగ్గా నొక్కలేదు, రంగు అంచు దాటి పాకింది. దాన్ని తీయడం కుదరదు. చాలా బాధపడ్డారు. మీరు చూసినప్పుడు అది కనిపిస్తుంది, దయచేసి దాని గురించి అడిగితే వాళ్ళే చెప్తారు, వినండి. బండిలో డ్రైవరు బొమ్మకు మరో అమ్మాయి ఎం-సీల్‌తో సన్నటి జడ అల్లి, హెల్మెట్ కింద అతికించి, ఎర్ర రిబ్బను రంగు వేసింది. నాకు మొత్తం బండిలో అదే ఎక్కువ ఇష్టం.

ఇంకా వేగంగా పోయే మోటారు కొనిపెడతామని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ప్రేమగా ముందుకొచ్చారు. ఇప్పుడే వద్దని చెప్పాను. ఉన్న మోటారుతోనే ఇది పిల్లలు పరుగెత్తి అందుకోలేనంత వేగంగా పోతుంది. మార్చాలంటే మొదట చక్రాల ఇరుసుల దగ్గర, ఇరుసు తిరిగే ప్లాస్టిక్ వలయాల (బుషింగుల) బదులు బాల్ బేరింగులు వేసుకోవాలి. పిల్లలు బుషింగును వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిచి చూశారు, లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు, బయటిది 11. మన మైదానం మొరం దుమ్ముకు బుషింగులు తొందరగా అరుగుతాయి. బాల్ బేరింగులు తెప్పిస్తున్నాం, వాటిని వేసే పని ఎనిమిదో తరగతికి ఇస్తాం.

బ్యాటరీ చార్జింగు సైన్స్ టీచర్ ఎదుటే జరుగుతుంది. లిథియం బ్యాటరీ వాడటం లేదు, దాన్ని పిల్లల మధ్య చార్జి చేయడానికి కావలసిన ఏర్పాట్లు మన దగ్గర లేవు.

మీ నుంచి ఒకటి కావాలి. ఇంట్లో పాడైపోయిన టేబుల్ ఫ్యాన్, గోడ గడియారం, కుట్టు మిషను లాంటివి ఉంటే పంపండి, వైరు ప్లగ్ దగ్గర కోసేసి పంపండి. పిల్లలు వాటిని విప్పి మళ్ళీ బిగిస్తారు. పాత టీవీలు, ఇన్వర్టర్లు, ఫోన్ బ్యాటరీలు మాత్రం పంపవద్దు. కరెంటు తీసేసినా వాటితో ప్రమాదం ఉంటుంది.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగున్నరకు వెనక మైదానంలో కందిరీగను నడుపుతారు. వాన పడితే నడపం, మోటారులోకి నీళ్ళు పోకూడదు. పిల్లలందరికీ తలా రెండు నిమిషాలు, తర్వాత మీలో నడపాలనుకున్నవాళ్ళకు కూడా. చిన్నపిల్లలను తీసుకొస్తే సున్నం గీత ఇవతలే నిలబెట్టండి. బండి ఆగాక దుమ్ము దులపడానికి ఇంటికొక పాత టూత్‌బ్రష్ తెండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ