"గేమ్ కాదు సార్": విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

విశాఖ మల్కాపురంలో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెబుతాను. బడులూ ఐటీ రెండూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, ఫోన్లలో మన పిల్లల్ని హింస వైపు లాగేవాళ్ళ గురించి మీకే రాస్తున్నాను.

పోయినేడాది ఒక సాయంత్రం స్పెషల్ క్లాస్ అయ్యాక, వెనక బెంచీలో నలుగురు పదో తరగతి పిల్లలు ఒకే ఫోన్ మీదకి వంగి ఉన్నారు. తొంగి చూస్తే తెర మీద తుపాకీ గొట్టం, దాని ముందు ఒక గుమ్మం. ఏదో గేమ్ అనుకున్నాను. "గేమ్ కాదు సార్, నిజంగా జరిగిందే" అన్నాడు ఒకడు. నాకు తెలియకపోవడమే వాడికి వింత.

అది 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద జరిగిన దాడి. 51 మంది ప్రాణాలు పోయాయి. హంతకుడు తలకి కెమెరా పెట్టుకుని 17 నిమిషాలు ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చాడు. మొదటి 24 గంటల్లో ఫేస్‌బుక్ 15 లక్షల కాపీలు తీసేసింది. 12 లక్షలు ఎక్కించేటప్పుడే ఆగాయి, మిగతావి జనంలోకి వెళ్ళాక తీశారు. ఇలాంటి వీడియోలకి వేలిముద్రలాంటి కోడ్ తీసి కంపెనీలు పంచుకుంటాయి. మళ్ళీ ఎవరైనా ఎక్కించబోతే దాన్నిబట్టే పట్టుకుంటాయి. కానీ అంచులు కత్తిరించినా, తెర మీద ఆడుతున్నదాన్ని ఇంకో ఫోన్‌తో తీసినా ఆ ముద్ర దొరక్కుండా పోవచ్చు. ఇన్నేళ్ళ తర్వాత మా వెనక బెంచీ దాకా వచ్చిందంటే మరి!

"ఎవడు పంపాడ్రా?" అంటే "గ్రూపులో అన్న సార్" అన్నాడు. ఆ అన్న పేరు వాడికి తెలీదు. గేమ్ ఆడుతుంటే పరిచయమట. కొన్నాళ్ళు జోకులు, తర్వాత ఏడుపు తెప్పించే వీడియోలు, ఆ తర్వాత "మనవాళ్ళకి ఇంత జరుగుతుంటే నీకేం అనిపించట్లేదా?" అని మెసేజ్. ఆ 'మనవాళ్ళు' ఎవరో కావాలనే రాయడం లేదు. ఐసిస్ ఉగ్రవాదులు కుర్రాళ్ళని తమలోకి లాగిందీ, ముస్లింలంటే పడని క్రైస్ట్‌చర్చ్ హంతకుడి బాపతు వాళ్ళు లాగేదీ ఇంచుమించు ఇలాగే. చంపమని మొదటి రోజే ఎవడూ అడగడు.

2019 డిసెంబర్‌లో ఫేస్‌బుక్ పరిచయాలకి పడి పాకిస్తాన్‌కి సమాచారం పంపారని నేవీ వాళ్ళని అరెస్టు చేశారు. వాళ్ళలో విశాఖలో పనిచేసేవాళ్ళూ ఉన్నారు. అది గూఢచర్యం కేసు, వేరే సంగతే, కానీ వల వేసిన తీరు ఒకటే. నేవీ వెంటనే స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లు ఆపేసింది. మేం ఆ పని చేయలేం. హోంవర్కే వాట్సాప్‌లో ఇస్తున్నాం కదా!

మా ట్రైనింగుల్లో సైబర్ క్లాసంటే ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనడంతో సరి. ఆ 'అన్న' ఎలా మాట్లాడతాడో, పిల్లాడు ఎక్కడ మారతాడో మాకెవరూ చెప్పరు. అది చెప్పించండి. స్టేషన్‌కి వెళ్ళేముందు టీచరు గానీ అమ్మ గానీ ఫోన్ చేసి అడగడానికి, పోలీసు కాని మనిషిని మండలానికి ఒకరిని పెట్టండి.

ఆ రోజు నాకు అలాంటి మనిషి లేక, పోలీసులంటే వాడి చదువు ఏమైపోతుందోనని టెన్షన్ పడి, వీడియో డిలీట్ చేయించి, గ్రూపులోంచి బయటికి రమ్మని ఇంటికి పంపేశాను. గ్రూపు పేరైనా రాసి పెట్టుకోలేదు.

జూన్‌లో బడులు తెరిచేలోపు మీ జవాబు వస్తుందని చూస్తుంటాను.

ఇట్లు,
ఒక సోషల్ మాస్టారు,
మల్కాపురం, విశాఖపట్నం