ప్లగిన్ రాసేవారికి బాధ్యత ఎక్కువ

సంపాదకులకు,

సర్వర్‌లెస్ ఫంక్షన్లను, అంటే సొంత సర్వర్లు నిర్వహించకుండానే క్లౌడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాములను, తయారుచేసే కోడ్ జనరేటర్ అనే పరికరానికి ప్లగిన్లు (దానికి జతచేసే అదనపు భాగాలు) రాయడం బెంగళూరులో నా వృత్తి. 2014లో అమెజాన్, ఇటువంటి ఫంక్షన్లను నడిపే లాంబ్డా అనే సేవను ప్రకటించిన తరువాత సర్వర్ల నిర్వహణ భారం తగ్గింది గాని, ప్రతి ఫంక్షన్‌కూ అనుమతులు, మెమరీ, నడిచే కాల పరిమితి రాయవలసిన పని మిగిలింది. ఆ పనిని జనరేటర్ చేస్తుంది. సంస్థ సొంత నియమాలను ప్లగిన్ చేరుస్తుంది.

చేత్తో రాసిన ఫంక్షన్‌లోని తప్పు సాధారణంగా అక్కడితో ఆగుతుంది. ప్లగిన్‌లోని తప్పు మాత్రం దాని నుంచి పుట్టిన ప్రతి ఫంక్షన్‌లోనూ ఉంటుంది. నేను లోగడ పనిచేసిన ఒక సంస్థలో, డేటాబేస్‌పై సర్వాధికారాలు ఇచ్చే ఒక్క నక్షత్రపు గుర్తు (*) ప్లగిన్ టెంప్లేట్‌లో, అంటే ఫంక్షన్లను తయారుచేసే మూసలో, ఉండిపోవడం వల్ల, ఫంక్షన్లన్నింటినీ మళ్లీ తెరిచి సరిచేయవలసి వచ్చింది. ఆ రాత్రులు నేను మరచిపోలేను.

లాంబ్డా ఫంక్షన్ ఒక్క విడతలో 15 నిమిషాలకు మించి నడవదు. దాని కోడ్‌ను కుదించి పంపే జిప్ ప్యాకేజీ విప్పిన తరువాత 250 ఎంబీ దాటకూడదు. ఇటువంటి పరిమితులను క్లౌడ్‌లోకి పంపాక కాక, కోడ్ పుట్టేటప్పుడే ప్లగిన్ పట్టుకోవాలి. జనరేటర్‌ను మళ్లీ నడిపినప్పుడు, మనిషి చేత్తో రాసిన భాగాన్ని ప్లగిన్ చెరిపివేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్కసారి తన పని పోగొట్టుకున్న ప్రోగ్రామర్ ఆ పరికరాన్ని మళ్లీ నమ్మడు.

ఉద్యోగాల కోసం ఈ నగరానికి వచ్చే తెలుగు విద్యార్థుల కొరకు, మీ విద్యా పేజీలో ఈ విషయంపై వరుస వ్యాసాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు