డిలీట్ కొట్టేముందు ఒకసారి చూసుకో

అమ్మలూ,

అమెజాన్ ఎస్3 (ఆన్‌లైన్‌లో ఫైళ్ళు దాచుకునే చోటు) లోకి ఫైళ్ళు ఎక్కించడానికి విన్‌ఎస్‌సీపీ అనే విండో సాఫ్ట్‌వేర్ వాడతానని చెప్పగానే నిన్న ఫోన్‌లో నవ్వావు కదా, "ఇంకా మౌస్‌తో ఫైళ్ళు లాగుతున్నావా నాన్నా" అని. నవ్వితే నవ్వావులే. కమాండ్లు రాక కాదు, ఒకసారి చేయి కాలింది. ఇక్కడున్నట్టే అక్కడా ఉండేలా చేసే సింక్ కమాండ్‌కి డిలీట్ ఆప్షన్ తగిలించి, పొరపాటున ఖాళీ ఫోల్డర్ దారి ఇచ్చాను. అది చెప్పినట్టే చేసింది, ఇక్కడ లేనివన్నీ అక్కడా తీసేసింది. బకెట్‌కి (ఎస్3లో మన ఫైళ్ళుండే డబ్బా) వెర్షనింగ్ (తీసేసినా, మార్చినా పాత కాపీలు ఉంచే ఏర్పాటు) కూడా పెట్టలేదు. పాత హార్డ్ డిస్క్‌లో కాపీ ఉండబట్టి చాలావరకు దొరికాయి గానీ, ఆ రాత్రి పడ్డ టెన్షన్ మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఎడమవైపు నా కంప్యూటర్, కుడివైపు బకెట్, రెండూ కళ్ళముందే ఉంటాయి. ఎడమవైపు ఖాళీగా ఉంటే ఖాళీగానే కనబడుతుంది. ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే.

ఇంకో సంగతి, ఎస్3లో నిజానికి ఫోల్డర్లే లేవు. మనం ఫోల్డర్లు అనుకునేదంతా ఫైలు పేరులో భాగమే, మధ్యలో ఉన్న స్లాష్ (/) గుర్తుల్ని బట్టి సాఫ్ట్‌వేర్ మనకి ఫోల్డర్లుగా చూపిస్తుంది. అందుకే ఫోల్డర్ పేరు మార్చావంటే లోపలున్న ప్రతి ఫైలునీ కొత్త పేరుతో కాపీ చేసి పాతది తీసెయ్యాలి. వేల ఫైళ్ళుంటే చాలాసేపు పడుతుంది, మధ్యలో లాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోకు.

5 జీబీ దాటిన ఫైలు ఒకే దెబ్బలో ఎక్కదు, ముక్కలు చెయ్యాలి. ఆ పని ఇలాంటి సాఫ్ట్‌వేర్లే చూసుకుంటాయి. కాకపోతే అప్‌లోడ్ సగంలో ఆగితే ఎక్కిన ముక్కలు అక్కడే పడుంటాయి, మామూలు లిస్టులో కనబడవు, బిల్లులో మాత్రం కలుస్తాయి (ఇది నాకు ఆలస్యంగా తెలిసింది). వాటిని కొన్ని రోజులకి చెరిపేసేలా లైఫ్‌సైకిల్ రూల్ పెట్టుకో.

ఎవరికైనా ఒక ఫైలు పంపాలంటే బకెట్‌ని పబ్లిక్ చెయ్యొద్దు తల్లీ. సైబర్‌డక్ లాంటి సాఫ్ట్‌వేర్లలో గడువున్న లింకు తీసి ఇవ్వచ్చు, గరిష్ఠంగా 7 రోజులు పనిచేస్తుంది.

రోజూ రాత్రి నడిచే బ్యాకప్‌కి నీ కమాండే మేలు, కాదనను, రోజూ కూర్చుని ఎవరు లాగుతారు? కానీ దానికిచ్చే కీకి (పాస్‌వర్డ్ లాంటిది) ఆ ఒక్క బకెట్ మీదే అనుమతి ఇవ్వు, డిలీట్ అసలు ఇవ్వకు. తీసెయ్యాల్సినవి ఉంటే నువ్వే విండో తెరిచి, చూసి, తీసెయ్యి.

ముందు నీ బకెట్‌కి వెర్షనింగ్ ఉందో లేదో చూసి, ఈ రాత్రికే నాకు మెసేజ్ పెట్టు.

నాన్న