ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చిన ఆ ఇద్దరికి

నేను తాగుడు మాని మొన్న సోమవారానికి ఏడాది నిండింది. ఆ మాట పదిమందికీ చెప్పుకునే ముందు కొందరికి దండం పెట్టుకోవాలి. అయితే వాళ్ళ పేర్లు రాయలేను. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు ఆసరాగా కలుసుకునే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. ఆ గదిలో చూసిన మనిషి పేరు ఆ గడప దాటకూడదు. నా పేరూ రాయడం లేదు. వాళ్ళు నాకు చేసిన మేలును బట్టే వాళ్ళను తలచుకుంటాను.

నేను గుంటూరులో ఒక మిల్లులో లెక్కలు రాస్తాను. 17 ఏళ్ళు తాగాను. మొదట్లో జీతం రోజున, తర్వాత ప్రతి ఆదివారం, చివరికి పొద్దున్నే పళ్ళు తోముకోకముందే. ఒక గుక్క పడితే తప్ప కలం పట్టిన చెయ్యి నిలిచేది కాదు. మా అమ్మాయి పదో తరగతి పరీక్షల ముందు దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, ఒక్కసారిగా మానేశాను. మూడో రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నాయంటూ దుప్పటితో దులుపుతూ కూర్చున్నానట. నాకు గుర్తు లేదు. మా ఆవిడా బావమరిదీ కలిసి ఆసుపత్రిలో చేర్చారు.

అక్కడి డాక్టరమ్మకు మొదటి దండం. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చనీ, లేనివి కనిపించవచ్చనీ, ప్రాణం మీదికి కూడా రావచ్చనీ ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. మానడం మంచిదే, వైద్యుల పర్యవేక్షణలో మానాలి అన్నారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు, నిద్రకు మందులు ఇచ్చారు. ఒక్కసారి కూడా నన్ను తాగుబోతు అనలేదు.

అయిదో రోజు సాయంత్రం ఇద్దరు వచ్చారు. ఒకరు రిటైరైన మాస్టారు, ఇంకొకరు ఆటో నడిపే అన్న. నీతులు చెప్పడానికి వచ్చారనుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. మాస్టారు స్టూలు లాక్కుని కూర్చుని తన సంగతి మొదలుపెట్టారు. బడిలో బీరువా వెనక సీసా దాచిన సంగతి, కూతురి పెళ్ళి పీటల దగ్గర తూలిపడిన సంగతి. నెమ్మదిగా ఇటు తిరిగాను. నా గురించి వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెళ్ళేటప్పుడు ఫోను నంబరున్న చీటీ దిండు కింద పెట్టి, “మా మాటలు విన్నందుకు చాలా థాంక్స్ తమ్ముడూ” అన్నారు. మంచాన పడి ఉన్న నాకు వాళ్ళు కృతజ్ఞతలు చెప్పడమేమిటో ఆ రాత్రంతా అర్థం కాలేదు.

తర్వాత ఆ సంఘం మీటింగులో తెలిసింది. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో బిల్ అనే షేర్ల బ్రోకరు, బాబ్ అనే డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్ళే. ఇంకొక తాగుబోతుతో మాట్లాడుతూ ఉంటే తాము తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించి, ఆసుపత్రిలో ఉన్న ఒక లాయరు మంచం దగ్గరికి వెళ్ళారు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో మూడో మనిషి ఆయనే. మాస్టారూ ఆటో అన్నా నా దగ్గరికి వచ్చింది ఆ దారినే. నాకు సాయం చేస్తూ తమను తాము కాపాడుకున్నారు.

మా మీటింగు ఒక బడి తరగతి గదిలో. మొదటి రోజు నల్లబల్ల మీద ‘క’ గుణింతం ఇంకా చెరపలేదు. పిల్లల బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని పదకొండు మందిమి కూర్చున్నాం. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, రుసుము లేదు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, గది అద్దెకూ టీకీ తోచినంత వేస్తారు. కొత్తవాడివి, నువ్వు వేయవద్దన్నారు. దేవుడి మాట వస్తుంది గానీ ఏ మతమూ లేదు. నా పక్కన కూర్చునే ఆయన నాస్తికుడు, తొమ్మిదేళ్ళుగా వస్తున్నాడు. జన్మంతా మానేస్తానని అక్కడ ఎవరూ ఒట్టు వేయించరు. ఈ ఒక్కరోజు తాగను, అంతే. ఒట్లన్నీ తప్పిన నాలాంటివాడికి ఆ మాట ఎంత ఊరటో!

నలభయ్యో రోజు రాత్రి మద్యం దుకాణం ఎదుట నిలబడి ఆటో అన్నకు ఫోను చేశాను. “అక్కడే ఉండు, వస్తున్నా” అన్నాడు. బేరం వదులుకుని వచ్చాడు. ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చుని, వాళ్ళ ఊళ్ళో మిరప ధర గురించి, కొడుకు చదువు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. దుకాణం షట్టరు దించాక లేచి, “ఇవాళ్టికి అయిపోయింది, పద” అన్నాడు. ఆ రాత్రి రుణం నేను తీర్చలేను.

మా ఆవిడకు చెప్పవలసినది ఇంట్లోనే చెప్పుకుంటాను. కానీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నా తాగుడుకు కారణం ఆమె కాదని చెప్పిన అల్-అనాన్ అక్కయ్యలకు ఇక్కడే నమస్కరిస్తున్నాను. అది తాగేవారి కుటుంబాల కోసం వేరుగా ఉన్న సంఘం. ఆ మాట విన్న రోజు ఆమె చాలాసేపు ఏడ్చింది.

ఇది చదివేవారిలో ఎవరింట్లోనైనా ఈ బాధ ఉంటే 14446కు ఫోను చేయండి, మత్తు వ్యసనాల సాయానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. మనసు కుంగితే టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మాస్టారికి ఈ మధ్య మోకాళ్ళు నొప్పి, ఆసుపత్రి మెట్లు ఎక్కలేకపోతున్నారు. వచ్చే గురువారం ఆటో అన్నతో వార్డుకు నేను వెళ్తున్నాను.